ముసుగు తీసిన వెలుగు

ప్రవేశిక

ఇది వైజ్ఞానిక వ్యాసం. జీవకణంలో ఎంజైములు చేసే పనిని వెలుగునిచ్చే ఒక రంగుపదార్థంతో కొలిచే పద్ధతిని ఈ పాఠం వివరిస్తుంది. ఆ రంగుపదార్థం, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పరిశోధనాలయం నుండి వచ్చిన ఒక మందు కలిసి లుకేమియా వ్యాధి చికిత్సలోని ఒక చిక్కుముడిని విప్పిన తీరు ఇందులోని ప్రధాన విషయం. సాహిత్య బోధకుడు శాస్త్ర విషయాన్ని రాయవలసి వచ్చిన సందర్భం పాఠంలోనే కనిపిస్తుంది.

పాఠ్యభాగం

కొత్తపేటలో మా కళాశాల నుండి ప్రధాన రహదారికి వచ్చే దారిలో ఒక కిరాణా దుకాణం ఉంది. ఐదువందల నోటు ఇస్తే దుకాణదారు దానిని గల్లాపెట్టె పక్కనున్న చిన్న దీపం కింద పట్టి చూస్తాడు. ఆ దీపం వెలుగు ఊదారంగులో మసకగా ఉంటుంది. దాని కింద నోటు మీది అంకెలు మెరుస్తాయి. కాగితంలో అక్కడక్కడ సన్నని పోగులు నిప్పురవ్వలవలె వెలుగుతాయి. పట్టపగలు ఎంత పరీక్షగా చూసినా ఆ పోగులు మెరవవు. దీపం నుండి వెలువడేదానిలో ఎక్కువ భాగం మన కంటికి ఆనని అతినీలలోహిత కాంతి. నోటులోని సిరా, పోగులు ఆ కాంతిని తమలోకి తీసుకొని, బదులుగా కంటికి కనబడే కాంతిని వెలువరిస్తాయి. తీసుకున్న కాంతికంటె ఇచ్చే కాంతికి శక్తి కొంత తక్కువ; ఆ తేడా వేడిమిగా పోతుంది. దీపం ఆర్పగానే మెరుపూ ఆగిపోతుంది.

ఈ గుణానికి 1852లో జార్జ్ గాబ్రియల్ స్టోక్స్ అనే శాస్త్రవేత్త ఫ్లోరెసెన్స్ అని పేరు పెట్టాడు. ఫ్లోర్‌స్పార్ అనే ఖనిజంలో ఆ గుణం కనిపించడమే ఆ పేరుకు కారణం. మన శాస్త్ర గ్రంథాలలో దీనిని ప్రతిదీప్తి అంటారు. స్టోక్స్ పెట్టిన పేరుకంటె నాకు ఈ పేరే నచ్చింది. ఖనిజం పేరు వింటే ఏ పని జరుగుతున్నదో తెలియదు. 'ప్రతి' అనే ఉపసర్గలో ఆ పని అంతా ఇమిడి ఉంది. ప్రతిధ్వని వలె, ప్రతివచనం వలె, తనమీద పడిన వెలుగుకు పదార్థం చెప్పే బదులు ప్రతిదీప్తి.

తెలుగు బోధకుడికి ఈ విషయంతో అక్కర ఏమిటని మీరు అడగవచ్చు. అక్కర ఒక హాజరుపట్టీ వల్ల కలిగింది. ద్వితీయ సంవత్సరం చదివే ఒక విద్యార్థిని వరుసగా శనివారాలు రావడం లేదు. పరీక్ష ఫీజు కట్టే రోజులలో ఆమె తండ్రి నన్ను కలవడానికి వచ్చారు. ఆయన పండ్ల వ్యాపారి. కొత్తపేటలోని గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టులో ఏళ్ల తరబడి బత్తాయిలు, మామిడి అమ్మారు. 2021-22లో ఆ మార్కెట్టును అక్కడినుండి తరలించాక తెల్లవారకముందే లేచి బాటసింగారం వెళ్తున్నారు. చేతిలో ఆసుపత్రి కాగితాల సంచి ఉంది. "బిడ్డకు రక్తంల క్యాన్సర్ ఉండె సార్. ఇప్పుడు మంచిగనే ఉంది. శుక్రవారం శుక్రవారం గోళీలు ఏసుకుంటది. శనివారం లేవలేదు. జర హాజరు చూడండి సార్" అన్నారు.

గోళీల పేరు అడిగితే కాగితం చూపించారు. మెథోట్రెక్సేట్ అని ఉంది. ఆ పేరు ఎక్కడో చదివినట్లు తోచింది. ఇంటికి వెళ్లి వెతికితే సిగ్గు కలిగింది. యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితం గురించి నేను తరగతిలో ఎన్నోసార్లు మాట్లాడాను. ఆయన పుట్టిన తేదీ, అమెరికా వెళ్లిన సంవత్సరం చెప్పాను. ఆయన నాయకత్వంలో తయారైన మందుల వరుసలోదే ఈ గోళీ అని, దానిని మింగుతున్న పిల్ల నా ఎదుటనే రెండో వరుసలో కూర్చొని ఆ మాటలు వింటున్నదని మాత్రం నాకు తెలియదు.

మరునాడు ఆ పిల్ల వచ్చి ఒక ప్రశ్న అడిగింది. "రక్తపరీక్షలో ఏమీ లేదంటున్నారు సార్. ఏమీ లేనప్పుడు ఇంకా మందెందుకు?" డాక్టరుగారిని అడగలేదా అన్నాను. ఆసుపత్రిలో పెద్ద వరుస ఉంటుందని, నాన్న అడగనివ్వరని అన్నది. నాకు జవాబు తెలియదు. తెలుసుకోవడానికి చాలా రోజులు పట్టింది. తెలిసినంతలో ఇక్కడ రాస్తున్నాను.

మొదట ఎంజైము అంటే ఏమిటో చూద్దాం. పాత మార్కెట్టు దగ్గర నివసించినవారికి దీనిని వివరించడం తేలిక. వేసవిలో లారీలు దించిన మామిడికాయలు పచ్చగా, రాతివలె గట్టిగా ఉండేవి. కొన్ని రోజులకు వీధి మలుపు వరకూ వాసన వచ్చేది. కాయలోని పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చినవి ఎంజైములు. గోడకట్టిన పెక్టిన్‌ను కరిగించి కండను మెత్తబరచినవీ ఎంజైములే. కొందరు వ్యాపారులు వాడిన కార్బైడు చేసిన పని ఈ ఎంజైములను వేళకు ముందే తట్టిలేపడం. దాని నుండి వెలువడే వాయువు కాయలో సహజంగా పుట్టే ఇథిలీన్‌ను అనుకరిస్తుంది. ఆరోగ్యానికి హాని కనుక ఆహార భద్రతా నిబంధనలు దానిని నిషేధించాయి. ఎంజైము అనేది చాలావరకు ప్రోటీను అణువు. ఒక రసాయన చర్యను కొన్ని వేల, లక్షల రెట్లు వేగిరపరచి, తాను మాత్రం చెక్కుచెదరక మరొక చర్యకు సిద్ధమవుతుంది. మన శరీరంలోని ప్రతి కణంలోనూ వేల రకాల ఎంజైములు నిరంతరం పనిచేస్తుంటాయి. వాటి పని ఆగిన కణం మరణించిన కణమే.

పని జరుగుతున్నదని తెలుసు. ఎంత జరుగుతున్నదో కొలవడం ఎట్లా? ఎంజైము కంటికి కనబడదు. దాని పని వల్ల పుట్టిన పదార్థం కూడా సాధారణంగా కనబడదు. కనబడని దానిని రంగుగా మార్చి కొలవడం అనే ఉపాయం ఇక్కడ మొదలయింది. ఈ ఉపాయంలో ఒక గొప్ప అధ్యాయం మన సుబ్బారావుగారిది.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మదరాసు వైద్య కళాశాలలో చదివేటప్పుడు గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించి శస్త్రచికిత్స తరగతికి వెళ్లారు. దాని ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు తక్కువ స్థాయిదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటపడవలసి వచ్చింది. అన్న పురుషోత్తంగారు స్ప్రూ అనే జీర్ణవ్యాధితో మరణించారు. 1923లో సుబ్బారావుగారు అమెరికాలోని బోస్టన్ నగరం చేరారు. హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి, శరీర ద్రవాలలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించి 1925లో ప్రకటించారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని నేటికీ జీవరసాయన విద్యార్థులు నేర్చుకునేది అదే.

పద్ధతి చూడడానికి సరళమైనది. ద్రవంలోని ఫాస్ఫేటును మాలిబ్డిక్ ఆమ్లంతో కలుపుతారు. ఆపై ఒక క్షయకరణ ద్రావణాన్ని చేరుస్తారు. నీలిరంగు పుడుతుంది. భాస్వరం ఎంత ఎక్కువగా ఉంటే నీలం అంత చిక్కన. తెలిసిన పరిమాణం గల నీలంతో పోల్చి తెలియని దాని పరిమాణాన్ని చెప్పవచ్చు. ఫాస్ఫేటును విడదీసే ఎంజైముల పనిని కొలవడానికి ఈ నీలమే తర్వాతి కాలంలో కొలబద్ద అయింది. ఎంజైము ఎంత వేగంగా పనిచేస్తే అంత ఫాస్ఫేటు విడుదలవుతుంది. అంత నీలం చిక్కబడుతుంది.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పక తప్పదు. కండర రసంలో ఈ పరీక్ష చేసినప్పుడు నీలం వెంటనే చిక్కబడలేదు. నెమ్మదిగా, ఆలస్యంగా పెరుగుతూ పోయింది. మరొకరైతే ద్రావణం పాడయిందని పారబోసి ఉండేవారేమో. ఫిస్కే, సుబ్బారావుగారలు ఆ ఆలస్యానికి కారణం వెతికారు. కండరంలోని భాస్వరంలో కొంత మరొక పదార్థంతో ముడిపడి ఉన్నదని, పరీక్షలోని ఆమ్లానికి ఆ ముడి మెల్లమెల్లగా విడిపోతున్నదని తేలింది. ఆ పదార్థం ఫాస్ఫోక్రియాటిన్. 1927లో దానిని ప్రకటించారు. 1929లో కణానికి శక్తినిచ్చే ఏ.టి.పి. అనే పదార్థాన్ని కూడా వేరుచేశారు; జర్మనీలో కార్ల్ లోమన్ అదే ఏడాది స్వతంత్రంగా దానిని కనుగొన్నాడు. ఒక రంగు రావలసిన వేళకు రాకపోవడాన్ని పట్టించుకోవడం వల్ల కండరం పనిచేసే తీరు మీద అంతకు ముందున్న అభిప్రాయాలు మారాయి.

అయితే ఈ నీలపు పద్ధతిలో ఒక పరిమితి ఉంది. కొలవాలంటే కణజాలాన్ని నూరాలి. లక్షల కణాలు ఒకేసారి చితికి రసమవుతాయి. వచ్చిన జవాబు ఆ లక్షల కణాల సగటు. ప్రతి కణం బతికి ఉండగా ఏం చేస్తున్నదో అది చెప్పదు. అరవైమంది ఉన్న తరగతిలో సగటు మార్కులు యాభై అని చెబితే, తొంభై వచ్చినవారెవరో, పది వచ్చినవారెవరో తెలియదు కదా. పది వచ్చిన పిల్లవాడు ఆ సగటు చాటున ఏడాదంతా దాగిపోగలడు. ఉపాధ్యాయులకు ఇది అనుభవంలో ఉన్న సంగతే.

బతికిన కణంలో, ఒక్కొక్క కణంలో, దానిని చంపకుండా కొలవడానికి కావలసిన రంగుపదార్థం మాత్రం సుబ్బారావుగారు పుట్టకముందే తయారై ఉంది. 1871లో జర్మనీలో అడోల్ఫ్ ఫాన్ బేయర్ దానిని తయారుచేశాడు. పేరు ఫ్లోరెసీన్. పొడిగా ఉంటే నారింజ-ఎరుపు. నీటిలో పలచగా కలిపి నీలికాంతి వేస్తే తళతళలాడే ఆకుపచ్చ. కంటి ఆసుపత్రికి వెళ్లినవారిలో కొందరికి ఇది పరిచయమే. కంటిపాప మీద గీత పడిందేమో చూడడానికి డాక్టరు నారింజరంగు కాగితపు పట్టీని కంటిలో తాకించి నీలిదీపం వేస్తారు. గీత ఉన్నచోట ఆకుపచ్చగా మెరుస్తుంది. 1877లో దీనిని ఒక నదిలోనే కలిపారు. దక్షిణ జర్మనీలో డాన్యూబ్ నది నీరు ఒకచోట నేలలోకి ఇంకిపోతుంది. ఆ నీరే కొన్ని మైళ్ల దూరాన ఆఖ్ అనే ఊటగా పైకి వస్తున్నదా అని వివాదం. ఇంకే చోట పది కిలోల ఫ్లోరెసీన్ కలిపితే, సుమారు అరవై గంటల తరువాత ఊట ఆకుపచ్చగా మారింది.

కణం విషయంలో ఫ్లోరెసీన్‌ను ఉన్నదున్నట్లు వాడితే లాభం లేదు. అది ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. ఎంజైము పనిచేసినా, చేయకున్నా దాని వెలుగు ఒక్కటే. ఎల్లవేళలా అరిచే సాక్షి మాటకు విలువ ఉండదు. అందుకని రసాయన శాస్త్రవేత్తలు దానికి ముసుగు వేశారు. ఫ్లోరెసీన్ అణువుకు రెండు ఎసిటేట్ భాగాలను అతికిస్తే ఫ్లోరెసీన్ డైఎసిటేట్ అవుతుంది. దానికి రంగు లేదు, వెలుగూ లేదు. అణువు అమరికలో వెలుగుకు ఆధారమైన భాగం బంధింపబడుతుంది. ఈ ముసుగుకు మరొక ప్రయోజనం కూడా ఉంది. కణం చుట్టూ ఉండే పొర కొవ్వుతో కూడినది. విద్యుదావేశం గల పదార్థాలను సులువుగా రానివ్వదు. ముసుగు వేసుకున్న అణువుకు ఆవేశం ఉండదు కనుక అది పొరను దాటి లోపలికి జారుతుంది.

లోపల ఎస్టరేజులు అనే ఎంజైములు ఉంటాయి. వాటి పని ఇటువంటి బంధాలను కత్తిరించడం. ఒక్కొక్క ఎసిటేటును అవి తెంచివేస్తాయి. ముసుగు తొలగిన ఫ్లోరెసీన్ వెలగడం మొదలుపెడుతుంది. ఇప్పుడు దానికి ఆవేశం వచ్చింది కనుక వచ్చిన దారిన వెంటనే బయటికి పోలేదు. సూక్ష్మదర్శినిలో చూస్తే కణం నిండా ఆకుపచ్చని వెలుగు. మరణించిన కణంలోనైతే పొర చిల్లులు పడి ఉంటుంది. ఎంజైము కొంచెం మిగిలి ఉన్నా పుట్టిన వెలుగు నిలవదు, కారిపోతుంది. కాబట్టి కణం వెలిగిందంటే రెండు సంగతులు ఒకేసారి తెలుస్తాయి: లోపల ఎంజైము పనిచేస్తున్నది, చుట్టూ పొర చెదరకుండా ఉన్నది. 1966లో బోరిస్ రోట్‌మన్, బెన్ పేపర్‌మాస్టర్ ఈ పద్ధతిని క్షీరదాల కణాలమీద వివరంగా చూపారు. రోట్‌మన్ అంతకు ఐదేళ్ల ముందే మరొక ముసుగు వర్ణకంతో, అతి సూక్ష్మమైన నీటిబిందువులలో, ఒకే ఒక్క ఎంజైము అణువు చేసే పనిని కొలిచి చూపినవాడు. నేల సారాన్ని పరీక్షించేవారు కూడా తర్వాత ఈ పదార్థాన్ని చేపట్టారు. పిడికెడు మట్టిలోని సూక్ష్మజీవులు ఎంత చురుకుగా ఉన్నాయో దానితో తెలుసుకుంటారు.

సాక్షి ఎంత మంచివాడైనా అడ్డుప్రశ్నలు వేయక తప్పదు. మెరుపు ఎక్కువైతే ఎంజైము ఎక్కువని వెంటనే తీర్పు చెప్పకూడదు. ముసుగు అణువు కొన్ని కణాలలోకి త్వరగా, కొన్నింటిలోకి నెమ్మదిగా ప్రవేశించవచ్చు. వెలిగిన ఫ్లోరెసీన్ బతికిన కణం నుండి కూడా కొంతకాలానికి మెల్లగా కారుతుంది. ద్రావణం ఆమ్లగుణం వైపు మొగ్గితే దాని వెలుగు తగ్గుతుంది. ఎంజైము లేకున్నా నీటిలో ముసుగు తనంతట తానే కొంత జారిపోతుంది. అందుకే పరిశోధకులు కణాలు లేని ద్రావణాన్ని, వేడితో చంపిన కణాలను పక్కన పెట్టుకొని పోలుస్తారు. మొత్తం మెరుపును కాక, మొదటి నిమిషాలలో మెరుపు పెరిగే వేగాన్ని కొలుస్తారు. కారిపోవడం తగ్గాలని కాల్సీన్ వంటి మరికొన్ని ముసుగు వర్ణకాలను తర్వాత తయారుచేశారు.

ఇక ఆ పిల్ల ప్రశ్న దగ్గరికి వద్దాం.

1940లో సుబ్బారావుగారు హార్వర్డు వదలి లెడర్లీ పరిశోధనాలయంలో చేరారు. ఆయన నాయకత్వంలోని బృందం 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆయన అన్నగారి ప్రాణం తీసిన స్ప్రూ వ్యాధికి అది మందయింది. కణం విభజన చెందాలంటే డి.ఎన్.ఏ. తయారుకావాలి, దానికి ఫోలిక్ ఆమ్లం అవసరం. అదుపు లేకుండా విభజన చెందే క్యాన్సర్ కణానికి ఆ అవసరం మరీ ఎక్కువ. ఫోలిక్ ఆమ్లం వలె కనిపిస్తూ పనికి అడ్డుపడే కృత్రిమ పదార్థాన్ని ఇస్తే కణం మోసపోతుంది. అటువంటి పదార్థాలను లెడర్లీ రసాయన శాస్త్రవేత్తలు తయారుచేశారు. అందులో ఒకటి అమైనోప్టెరిన్. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్.

బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు లుకేమియాతో మరణశయ్య మీదున్న పిల్లలకు అమైనోప్టెరిన్ ఇచ్చాడు. పదహారుమందిలో పదిమందికి గుణం కనిపించిందని 1948లో ప్రకటించాడు. అంతవరకు ఆ వ్యాధికి మందు లేదు. కొందరు పిల్లలు లేచి తిరిగారు, ఆడుకున్నారు. కాని కొద్ది నెలలకే వ్యాధి తిరిగివచ్చింది; ఈసారి అదే మందు పనిచేయలేదు. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావుగారు తమ 53వ ఏట మరణించారు. మందు ఎందుకు ఓడిపోతున్నదో తెలుసుకోవడానికి ఆయన లేరు. ఆ జవాబులో ముఖ్యమైన భాగం దొరకడానికి మరి ముప్పయి ఏళ్లు పట్టింది.

మెథోట్రెక్సేట్ అడ్డుకునేది ఒక ఎంజైమును. దాని పేరు డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్. మందు అణువు ఎంజైము ఒడిలో కూర్చొని లేవనంటుంది. తలుపుకు తాళం పడినట్లే. ప్రయోగశాలలో మందును కొంచెం కొంచెంగా పెంచుతూ పెంచిన ఎలుక కణాలను నూరి చూస్తే కొన్ని రకాలలో ఈ ఎంజైము సుమారు 200 రెట్లు పెరిగి ఉంది. తలుపులు అన్ని పెరిగిన ఇంటికి తాళాలు చాలవు కదా. అయితే ఇది కూడా సగటే. అన్ని కణాలూ సమానంగా మారాయా? కొన్ని ఎక్కువ, కొన్ని తక్కువా? నూరిన రసం చెప్పలేదు.

1978లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ షిమ్కే బృందం ఫ్లోరెసీన్‌ను మెథోట్రెక్సేట్‌కు అతికించి బతికిన కణాలకు ఇచ్చింది. మందు వెళ్లి ఎంజైమును పట్టుకుంటుంది. దాని వీపున ఫ్లోరెసీన్ దీపం ఉంటుంది. పట్టు దొరకని మందు కడిగితే పోతుంది. మిగిలిన వెలుగు ఎంజైము అణువుల సంఖ్యను అనుసరించి ఉంటుంది. ముందు చెప్పిన ముసుగు పద్ధతికీ దీనికీ తేడా గమనించాలి. అది ఎంజైము చేసిన పనిని చూపుతుంది. ఇది పనివారి సంఖ్యను చూపుతుంది.

ఒక్కొక్క కణం వెలుగును చదవడానికి అదే విశ్వవిద్యాలయంలో లెనార్డ్ హెర్జెన్‌బర్గ్ బృందం రూపొందించిన యంత్రం ఉంది. మన మెట్రో స్టేషనులో గేటు దగ్గర ఎంత గుంపు వచ్చినా ఒకరి తర్వాత ఒకరే దాటవలసినట్లు, ఈ యంత్రంలో కణాలు సన్నని నీటిధారలో వరుసగా ఒక్కొక్కటే లేజరు కిరణాన్ని దాటుతాయి. ప్రతి కణం మెరుపును యంత్రం కొలుస్తుంది. కోరిన మెరుపు గల కణం ఉన్న నీటిబిందువుకు విద్యుదావేశమిచ్చి పక్కకు తప్పిస్తుంది. క్షణానికి వేల కణాలు ఇట్లా వేరుపడతాయి. వేరుపడినవి బతికే ఉంటాయి.

కణాలన్నీ సమానం కాదని ఆ వెలుగు చూపింది. ఒకే పాత్రలో పెరిగిన కణాలలో కొన్ని మసకగా, కొన్ని ప్రకాశంగా ఉన్నాయి. ఎంజైము పెరగడానికి కారణం, దానిని తయారుచేయించే జన్యువు ప్రతులు కణంలో పెరగడమేనని అదే బృందం అదే సంవత్సరం చూపింది. కొన్ని రకాల కణాలలో మందు ఆపివేస్తే ఆ అదనపు ప్రతులు తరం తరానికి జారిపోయాయి. 1983లో మరొక ప్రయోగం ప్రకటించారు. ఇది నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. ఈసారి ఫ్లోరెసీన్ అతికించిన మెథోట్రెక్సేట్‌తో కణాలను గుర్తించడం తప్ప మందు పెట్టి చంపడం లేదు. మందు ఎరుగని కణాలలో నుండి అన్నిటికంటె ఎక్కువగా వెలిగేవాటిని యంత్రంతో ఏరి, పెంచి, మళ్లీ ఏరారు. ఇట్లా ఏరగా ఏరగా జన్యువు ప్రతులు ఎక్కువైన కణాలు దొరికాయి. అంటే మందును ఓడించగల కణాలను మందు పుట్టించలేదు. అవి అరుదుగా, గుంపులో ఎక్కడో, ముందే ఉన్నాయి. మందు మిగతావాటిని తొలగించి వాటికి చోటిచ్చింది.

ఫార్బర్ చికిత్స చేసిన పిల్లల శరీరాలలో ప్రతిసారీ ఇదే జరిగిందని చెప్పరాదు. మందును లోపలికి రానివ్వకపోవడం వంటి ఇతర మార్గాలు కూడా క్యాన్సర్ కణాలకు ఉన్నాయని తర్వాత తెలిసింది. ఏ మార్గమైనా సారాంశం ఒకటే: గుంపు నశించినప్పుడు మిగిలే కొద్ది కణాలతోనే అసలు పోరాటం. అందువల్లనే ఒకే మందును నమ్ముకోకుండా, వేర్వేరు మార్గాలలో పనిచేసే నాలుగైదు మందులను కలిపి, వ్యాధి కనిపించకుండా పోయిన తరువాత కూడా రెండు మూడేళ్లపాటు చికిత్స కొనసాగిస్తారు. సంపన్న దేశాలలో ఈ వ్యాధి వచ్చిన పిల్లలలో పదిమందికి ఎనిమిదిమందికి పైగా ఇప్పుడు బతుకుతున్నారు. వారం వారం మెథోట్రెక్సేట్ గోళీలు ఆ దీర్ఘ చికిత్సలో భాగం. మిగిలిన కణాలను వెతకడానికి నేటి వైద్యులు వాడేది కూడా హెర్జెన్‌బర్గ్ యంత్రం సంతతే. వెలిగే వర్ణకాలు అతికించిన ప్రతిరక్షకాలతో పదివేల కణాలలో దాగిన ఒక్క వ్యాధికణాన్ని అది పట్టగలదు. సాధారణ రక్తపరీక్ష అంత లోతు చూడలేదు. "ఏమీ లేదు" అని అది చెప్పే మాటకు అర్థం, తనకు కనిపించేంతలో ఏమీ లేదని.

ఈ సంగతి ఆ అమ్మాయికి చెప్పాను. తెలుగు అధ్యాపకుని మాటను వైద్యునితో సరిచూసుకొమ్మని కూడా చెప్పాను. తరువాతి నెల ఎల్.బి. నగర్ నుండి మెట్రోలో ఆసుపత్రికి వెళ్లినప్పుడు నాన్నను పక్కన కూర్చోబెట్టి తానే డాక్టరును అడిగిందట. ఆమె చెప్పిన జవాబు దాదాపు ఇదేనని, అయితే ఎంజైము పేరును నేను తప్పుగా పలికానని వచ్చి చెప్పింది. ఆ ఏడు మిగిలిన శనివారాల పాఠాలను సోమవారం భోజన విరామంలో ఆమెకు మళ్లీ చెప్పాను. ఈ వ్యాసంలో సగం ఆ విరామాలలో ఆమె అడిగిన ప్రశ్నలకు నేను రాసుకున్న జవాబులే.

అభ్యాసం

1. 'ప్రతిదీప్తి' అనే పదానికి వ్యాసకర్త చెప్పిన అర్థాన్ని వివరించండి. 'ప్రతి' ఉపసర్గతో ఏర్పడిన మరి ఐదు పదాలు రాసి సొంతవాక్యాలలో ప్రయోగించండి.

2. కండర రసంలో నీలిరంగు ఆలస్యంగా రావడం దేనికి దారితీసింది?

3. ఫ్లోరెసీన్‌కు ముసుగు వేయవలసిన అవసరం ఏమిటి? ఆ ముసుగును ఎవరు, ఎట్లా తొలగిస్తారు?

4. "రక్తపరీక్షలో ఏమీ లేనప్పుడు ఇంకా మందెందుకు?" అన్న ప్రశ్నకు 1983 నాటి ప్రయోగం ఆధారంగా జవాబు రాయండి.